వెయిటింగ్ లిస్టులో నా పేరు ఎక్కేలోపు

ఊపిరితిత్తుల మార్పిడి అనగానే అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు. ఎన్ని గంటలు పట్టింది, కోత ఎంత పెద్దది, ఐసీయూలో ఎన్నాళ్లు ఉంచారు అని. నన్నడిగితే అంతకు ముందు జరిగిందే పెద్ద కథ. ఈ మనిషికి అసలు మార్పిడి చేయొచ్చా, చేస్తే ఎప్పుడు చేయాలి అని తేల్చడానికి ఒక వైద్య బృందం నన్ను తల నుంచి కాలి వరకూ పరీక్షించింది. మొదటిసారి ‘ఇప్పుడే వద్దు’ అని చెప్పింది. ఆ మాట విని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఇవాళ ఆక్సిజన్ గొట్టం లేకుండా మెట్లెక్కుతున్నానంటే అందులో ఆ మాట పుణ్యం చాలా ఉంది. మార్పిడి అవసరం పడబోయేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఈ ఎంపిక ఎలా జరుగుతుందో ముందే తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

నాకు వచ్చింది పల్మనరీ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లోని మెత్తటి కణజాలం మచ్చకట్టి గట్టిపడిపోయే జబ్బు. గాలి లోపలికి వెళ్తుంది కానీ అందులోని ఆక్సిజన్ రక్తంలోకి సరిగా దాటదు. ఎందుకు వచ్చిందో తేల్చలేని రకం కాబట్టి నా రిపోర్టులో ముందు ‘ఇడియోపతిక్’ అని కూడా రాశారు. పొడి దగ్గుతో మొదలైంది. ఎలర్జీ అన్నారు, ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్లు వాడాను. తర్వాత ఒక డాక్టరు సీటీ చూసి వాపు అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. వాటివల్ల ఒళ్లు వచ్చింది తప్ప ఆయాసం తగ్గలేదు. చివరికి ఒక పల్మనాలజిస్టు, అంటే ఊపిరితిత్తుల డాక్టరు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, నా గోళ్లు తిప్పి తిప్పి చూసి, కొత్తగా సీటీ తీయించి అసలు జబ్బు పేరు చెప్పారు. నింటెడానిబ్ రాసి, ఈ మందు జబ్బు వేగాన్ని తగ్గిస్తుంది గానీ పడ్డ మచ్చను వెనక్కి తీసుకురాలేదని కూడా అప్పుడే చెప్పేశారు.

అదే రోజు ఆయన ఇంకో ఉత్తరం రాశారు, మార్పిడి చేసే కేంద్రానికి. నేనూ మా ఆయనా బిత్తరపోయాం. అంతకు ముందు డాక్టరు దగ్గర మా ఆయన ఒకసారి మార్పిడి మాట ఎత్తితే, ‘అది ఆఖరి అస్త్రం, ఇప్పుడెందుకండీ’ అని కొట్టిపారేశారు. మరి ఈయనేమో నేను ఇంకా ఆక్సిజన్ లేకుండా ఇంట్లో తిరుగుతుండగానే పంపిస్తున్నారు. అంటే నా పని అయిపోయిందా అని అడిగాను.

‘కాదమ్మా. పంపించడం వేరు, లిస్టులో పేరు ఎక్కించడం వేరు. వాళ్లు మిమ్మల్ని బాగున్నప్పుడు ఒకసారి చూసి ఉంచుకుంటే, దిగజారడం మొదలైనప్పుడు టైము వృథా కాదు’ అన్నారు.

ఇది ఆయన సొంత పద్ధతేమీ కాదని తర్వాత తెలిసింది. గుండె, ఊపిరితిత్తుల మార్పిడి నిపుణుల అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది. మార్పిడికి ఎవరిని ఎంపిక చేయాలో వాళ్లు 1998 నుంచి మార్గదర్శకాలు ఇస్తున్నారు. 2021లో వచ్చిన వాటిలో, నాలాంటి ఫైబ్రోసిస్ రోగిని జబ్బు ఖాయమైనప్పుడే, మందు అప్పుడే మొదలుపెడుతున్నా సరే, మార్పిడి కేంద్రానికి పంపాలని ఉంది. ఈ జబ్బు ఒక్కోసారి ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచి, ఒక ఇన్‌ఫెక్షన్‌తోనో, ఏ కారణమూ లేకుండానో కొద్ది రోజుల్లోనే మనిషిని వెంటిలేటర్ మీదికి చేర్చేస్తుంది. అప్పుడు పరుగెత్తితే పరీక్షలు చేయడానికే వ్యవధి ఉండదు. ‘ఇప్పుడెందుకండీ’ అనే మాట ఎంతమంది దారి మూసేస్తోందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మార్పిడి కేంద్రంలో మొదటి రోజు సర్జన్ కనబడలేదు. కోఆర్డినేటర్ కూర్చోబెట్టి మాట్లాడింది. ముప్ఫై ఏళ్లు దాటని అమ్మాయి. ఆ తర్వాత పల్మనాలజిస్టు ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమవైపు ‘మార్పిడి లేకుండా’ అనీ, కుడివైపు ‘మార్పిడితో’ అనీ రాశారు. ఎడమవైపు అడిగే ప్రశ్న: రెండేళ్లలోపు ఈ జబ్బు వల్లే ప్రాణం పోయే ప్రమాదం సగానికి మించి ఉందా? కుడివైపు రెండు ప్రశ్నలు. ఆపరేషన్ తర్వాత కనీసం 90 రోజులు బతికే అవకాశం 80 శాతానికి మించి ఉందా? కొత్త ఊపిరితిత్తులు బాగా పనిచేస్తాయి అనుకుంటే, మిగతా ఒళ్లు ఐదేళ్ల పాటు నిలబడే అవకాశం కూడా 80 శాతానికి మించి ఉందా? అంకెలు 2014 నాటి మార్గదర్శకాల్లోవి. ‘లెక్క ఇంత సూటిగా ఎవరికీ రాదు. కానీ మా ఆలోచన ఎప్పుడూ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది’ అన్నారాయన.

నేను అప్పటిదాకా ఎంత జబ్బుగా ఉంటే అంత త్వరగా ఇస్తారు అనుకున్నాను. మా చెల్లి ఏమో బాగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఇస్తారట అని ఎక్కడో విని వచ్చింది. రెండూ సగం సగం నిజాలే. ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిని ఉండాలి, మిగతా ఒళ్లంతా గట్టిగా ఉండాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండే కాలం చాలా చిన్నది. ముందే చేసేస్తే ఉన్న ఊపిరితిత్తులతో హాయిగా గడపగలిగిన కాలాన్ని పణంగా పెట్టినట్టు. ఆలస్యం చేస్తే ఆపరేషన్‌ను తట్టుకునే సత్తువ ఉండదు. డాక్టర్లు వెతికేది ఆ మధ్య కాలం కోసమే.

ఈ జాగ్రత్త వాళ్లకు ఊరికే అబ్బలేదు. మనిషికి మొట్టమొదటి ఊపిరితిత్తి మార్పిడి 1963లో అమెరికాలోని మిసిసిపీలో జేమ్స్ హార్డీ అనే సర్జన్ చేశారు. ఆ రోగికి క్యాన్సర్‌తో పాటు కిడ్నీ జబ్బు కూడా ఉంది. పెట్టిన ఊపిరితిత్తి పనిచేసింది, కిడ్నీలు చేతులెత్తేశాయి. 18 రోజులే బతికారు. తర్వాత ఇరవై ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడ ప్రయత్నించినా మనుషులు ఎక్కువ కాలం నిలవలేదు. చాలామందికి శ్వాసనాళాన్ని కలిపి కుట్టిన చోట మానకపోవడమే ప్రాణం మీదికి వచ్చేది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ల వల్లే ఆ కుట్టు మానడం లేదని కెనడాలోని టొరంటోలో జోయెల్ కూపర్ బృందం ప్రయోగశాలలో గమనించింది. 1983లో వాళ్లు ఒక రోగిని చాలా జాగ్రత్తగా ఎంచుకుని ఒక ఊపిరితిత్తి మార్చారు. ఆయన ఆరేళ్లకు పైగా బతికారు. ఆయనకున్నది కూడా పల్మనరీ ఫైబ్రోసిసే. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలా ధైర్యం వచ్చింది. అలాగే నా చేతిలో ఉన్న స్టెరాయిడ్ మాత్రల వంక చూసి టెన్షన్ కూడా వచ్చింది.

ఇక పరీక్షలు. ఊపిరితిత్తుల జబ్బుకు పళ్ల డాక్టరు దగ్గరికి ఎందుకు పంపుతున్నారో మొదట అర్థం కాలేదు. మార్పిడి తర్వాత ఒంటికున్న రక్షణ శక్తిని మందులతో అణచిపెడతారు. అప్పుడు పుచ్చిపోయిన పన్ను కింద దాగిన చీము కూడా రక్తంలోకి పాకి ప్రాణాపాయం తెస్తుంది. అందుకే అనుమానంగా ఉన్న పళ్లు పీకించేశారు. మామోగ్రామ్, ప్యాప్ స్మియర్, కొలనోస్కోపీ చేశారు. ఎక్కడో నిద్రపోతున్న క్యాన్సర్ ఉంటే అవే మందుల నీడలో అది విజృంభిస్తుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో ఒకటికి రెండుసార్లు చూశారు, ఎందుకంటే ఆ రక్షణ శక్తిని అణచడానికి జీవితాంతం వేసుకోవాల్సిన టాక్రోలిమస్ అనే మందు కిడ్నీల మీదే భారం వేస్తుంది. ఎముకల సాంద్రత చూశారు. టీబీ ఎక్కడైనా నక్కి ఉందా అని చూశారు. గుండె రక్తనాళాలకు యాంజియోగ్రామ్, గుండె కుడివైపు ఒత్తిడి ఎంతుందో తెలుసుకోవడానికి కాథెటర్ పరీక్ష. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో రోజంతా కొలిచారు. ఆ ఆమ్లం నిద్రలో కొద్దికొద్దిగా శ్వాసనాళంలోకి జారితే కొత్త ఊపిరితిత్తులు కూడా పాడవుతాయట.

రక్త పరీక్షల్లో నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది. నాకు కాన్పులు అయ్యాయి కాబట్టి, కడుపులో బిడ్డ ద్వారా పరాయి కణాలతో నా ఒంటికి పరిచయం ఏర్పడి, కొన్ని రకాల యాంటీబాడీలు తయారై ఉన్నాయి. ఆ యాంటీబాడీలు ఎదిరించే రకం కణాలున్న దాత వస్తే నాకు పనికిరాదు. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కూడా ఇలా జరుగుతుంది. దాతలు దొరకడమే కష్టమైన చోట, నాకు మాత్రం ఇంకొంచెం కష్టం అన్నమాట.

వీటన్నిటికన్నా నా మనసులో గట్టిగా నిలిచిపోయింది ఆరు నిమిషాల నడక. ఏ మిషనూ లేదు. ముప్ఫై మీటర్ల కారిడార్, రెండు చివరలా రెండు నారింజ రంగు కోన్లు. వేలికి ఆక్సిమీటర్ తగిలించి, ‘ఆరు నిమిషాల్లో మీకు చేతనైనంత దూరం నడవండి. అవసరమైతే ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు’ అని చెప్పాడు టెక్నీషియన్. ప్రతి నిమిషానికీ రాసిపెట్టిన వాక్యం ఒకటి చెబుతాడు. ‘బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలుంది.’ అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడడు. అందరికీ ఒకే కొలత ఉండాలంటే అలాగే ఉండాలట. మూడో నిమిషానికి వేలి మీద అంకె 91 నుంచి 84కి పడిపోయింది. నాలుక తడారిపోయింది. కోన్ చుట్టూ తిరిగేటప్పుడు చెయ్యి దానంతట అదే గోడను వెతుక్కుంది. చివరన సున్నా నుంచి పది దాకా అంకెలున్న అట్ట చూపించి ఆయాసం ఎంతుందో చెప్పమన్నాడు. మాట రాక ఏడు మీద వేలు పెట్టాను. అప్పుడు వచ్చిన దూరం 330 మీటర్లు.

తర్వాత చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. పిడికిలి బలం కొలిచారు. ఇవెందుకని అడిగితే ఫిజియోథెరపిస్టు చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు గుర్తే: ‘ఆపరేషన్ తర్వాత మిమ్మల్ని మంచం మీంచి లేపేది మీ తొడలమ్మా, ఊపిరితిత్తులు కాదు.’

మానసిక నిపుణురాలితో, సోషల్ వర్కర్‌తో జరిగే సంభాషణల గురించి చాలామంది కంగారు పడతారు. నేనూ పడ్డాను. ఏం అడుగుతారో, ఏం చెబితే తీసేస్తారో అని. వాళ్లు అడిగినవి సూటి ప్రశ్నలు. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు నెలకు ఎన్నిసార్లు మర్చిపోతారు? డిప్రెషన్ ఎప్పుడైనా వచ్చిందా? ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా? నేను ఎన్నడూ సిగరెట్ ముట్టకపోయినా నికోటిన్ పరీక్ష నాకూ చేశారు, అందరికీ చేస్తారట. తోడుండేది ఒక్కరైతే చాలదు, ఇద్దరి పేర్లు కావాలన్నారు. మా ఆయన ఒకరు, రెండోవారు మా చెల్లి. వాళ్లిద్దర్నీ విడిగా కూర్చోబెట్టి, ‘మీకు జ్వరం వస్తే ఆమె దగ్గర ఎవరుంటారు?’ లాంటివి అడిగారు. చెల్లి బయటికి వచ్చి, ‘అక్కా, నీకన్నా నాకే ఎక్కువ పరీక్ష పెట్టారు’ అంది. ఇదంతా మన యోగ్యతను తూచడం కాదని నెమ్మదిగా అర్థమైంది. మందు ఒక పూట తప్పినా ఒళ్లు ఆ ఊపిరితిత్తుల్ని శత్రువుగా చూడటం మొదలుపెట్టొచ్చు. ఎక్కడ సాయం లోటుందో ముందే తెలిస్తే దాన్ని పూడ్చే మార్గం వాళ్లే వెతుకుతారు. కానీ ఇంట్లో తోడుగా నిలబడేవాళ్లు లేని మనిషికి ఇదే అడ్డుగోడ అవుతుందన్నది కూడా నిజం. ఆ విషయంలో నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు. మనుషుల్లేకపోవడం జబ్బు కాదు కదా.

అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కూర్చుని కేసు చర్చిస్తారు. ఆ మీటింగ్ అయ్యాక పల్మనాలజిస్టు మమ్మల్ని పిలిచి ‘ఇప్పుడే వద్దు’ అన్న నిర్ణయం చెప్పారు. కారణాలు దాచలేదు. ఎఫ్‌వీసీ, అంటే గట్టిగా పీల్చి వదిలే గాలి, ఉండాల్సిన దాంట్లో ఇంకా 64 శాతం ఉంది. నడక దూరం మరీ తక్కువేం కాదు. కానీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 32 ఉంది, అది 30 లోపుకి రావాలి. స్టెరాయిడ్ రోజుకు 30 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను, దాన్ని 10కి దించాలి. తొడ కండరాలు నీరసంగా ఉన్నాయి. ‘ఇవాళ ఆపరేషన్ చేస్తే మీకు జబ్బు కన్నా ఆపరేషనే ఎక్కువ ప్రమాదం’ అన్నారు. తలుపు మూసేయలేదనీ, మూడు నెలలకొకసారి చూస్తామనీ, అకస్మాత్తుగా దిగజారితే ఆ రోజే ఫోన్ చేయాలనీ చెప్పారు. ఇవన్నీ ఆయన చాలా ఓపిగ్గా చెప్పారు, నాకే ఏదీ చెవికెక్కలేదు. నన్ను వద్దన్నారు అన్నదొక్కటే తలలో తిరిగింది.

ఇంటికొచ్చాక కోఆర్డినేటర్ అమ్మాయి ఫోన్ చేసింది. ‘మేడమ్, కాగితం మీద మీరు చేయాల్సినవి రాసి పంపాను, చూశారా? లిస్టుకు అసలు పనికిరారు అనుకున్న వాళ్లకు ఇలాంటి కాగితం పంపం’ అంది. ఆ మాటతో లేచి కూర్చున్నాను.

ఆ తర్వాతి రోజుల్లో నా జీవితమంతా పల్మనరీ రిహాబ్ చుట్టూ తిరిగింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద నడక, సైకిలు, కుర్చీలోంచి లేవడం, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని కాళ్లెత్తడం. ఆక్సిజన్ పెట్టుకుని వ్యాయామం ఏంటి, ప్రమాదం కదా అని బంధువులు అనేవారు. అంకె 88 కిందికి పడకుండా ఆక్సిజన్ పెంచుకుంటూ చేస్తే అది క్షేమం అని అక్కడే నేర్చుకున్నాను. డైటీషియన్ ప్రొటీన్ పెంచి మిగతావి తగ్గించింది. స్టెరాయిడ్ వారాల తరబడి కొద్దికొద్దిగా దించారు. దించిన ప్రతిసారీ ఒళ్లు నొప్పులు, నిస్సత్తువ. అలా అని బరువు తగ్గడమొక్కటే లక్ష్యం కాదు. మరీ చిక్కిపోయినా మార్పిడికి ప్రమాదమే. నా పక్కన వ్యాయామం చేసే కుర్రాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు, అతనికి బరువు పెరగడమే పరీక్ష. వాడు తిండి కోసం కష్టపడుతుంటే నేను తినకుండా ఉండటానికి కష్టపడేదాన్ని. హెపటైటిస్-బి, న్యుమోనియా, ఫ్లూ టీకాలు కూడా అప్పుడే వేయించారు. సజీవ వైరస్ ఉండే టీకాలు మార్పిడి తర్వాత వేయకూడదు కాబట్టి, కావలసినవి ముందే పూర్తి చేయాలి.

రిహాబ్‌లోనే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయి గాలి బయటికి సరిగా పోని జబ్బు. ఎన్నో ఏళ్ల క్రితమే పొగ మానేశారు. నాకన్నా చలాకీగా సైకిలు తొక్కేవారు. ఆయనకు జరిపిన పరీక్షల్లో ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడింది, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. అంతటితో మార్పిడి మాట ముగిసిపోయింది. చాలా రకాల క్యాన్సర్లకు చికిత్స పూర్తయ్యాక ఐదేళ్లు మళ్లీ రాకుండా ఉంటే గానీ పరిశీలించరు. ఆయన ఊపిరితిత్తులకు అంత వ్యవధి లేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు వ్యాయామానికి వచ్చారు. పాలియేటివ్ కేర్ డాక్టరు, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే డాక్టరు, ఆయన ఆయాసానికి చిన్న మోతాదులో మార్ఫిన్ మొదలుపెట్టారు. ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా కూర్చోవడం, పెదవులు బిగించి మెల్లగా ఊపిరి వదలడం నేర్పారు. ‘నిద్ర పడుతోందమ్మా, అదే పదివేలు’ అన్నారు నాతో. ఎంపిక అంటే ఎవరినో వదిలేయడం కూడా. వదిలేసిన చోట వైద్యం ఆగిపోకూడదు. నన్ను లిస్టుకు సిద్ధం చేయడానికి ఎంత శ్రద్ధ పెట్టారో, ఆయనకు ఊపిరి సులువు చేయడానికీ అంతే శ్రద్ధ పెట్టిన ఆ బృందాన్ని చూశాకే వాళ్ల నిర్ణయాల మీద నాకు పూర్తి గురి కుదిరింది.

నా జబ్బు కదలకుండా ఉండలేదు. ఒక జలుబు తర్వాత మెట్టు దిగినట్టు దిగింది. ఆరు నెలల్లో ఎఫ్‌వీసీ 64 నుంచి 49కి పడిపోయింది. ఆరు నెలల్లో పది శాతానికి మించి పడినా చాలు, లిస్టులో పెట్టే ఆలోచన చేస్తారు. నడక దూరం 250 మీటర్ల కిందికి వచ్చింది. కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి నాలుగు లీటర్ల ఆక్సిజన్ కావలసి వచ్చింది. గుండె కుడివైపు ఒత్తిడి పెరిగింది. కానీ ఈసారి బీఎంఐ 28, స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు, కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం ముందుకన్నా వేగంగా. కాగితానికి ఎడమవైపు భారం పెరిగింది, కుడివైపు ప్రమాదం తగ్గింది. మీటింగ్‌లో ఎక్కువ చర్చ జరగలేదట. పేరు ఎక్కించారు.

లిస్టులో ముందెవరు, వెనకెవరు అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో 2005 దాకా ఎవరు ముందు చేరితే వాళ్లే ముందు. ఆ ఏడాది నుంచి మార్పిడి లేకపోతే ప్రమాదమెంత, చేస్తే లాభమెంత అని లెక్కగట్టి స్కోరు ఇవ్వడం మొదలుపెట్టారు. 2023లో ఆ స్కోరును కూడా మార్చి యాంటీబాడీలు, ఎత్తు, రక్తం గ్రూపు వల్ల దాత దొరకడం కష్టమయ్యే వాళ్లను కూడా లెక్కలోకి తెచ్చారు. అది న్యాయమైన మార్పు అని నా అభిప్రాయం. నేను పొట్టిదాన్ని. ఫైబ్రోసిస్ వల్ల ఛాతీ ఇంకా కుంచించుకుపోయింది. పొడుగాటి దాత ఊపిరితిత్తులు నా ఛాతీలో పట్టవు. రక్తం గ్రూపు, యాంటీబాడీలు, సైజు, ఇవన్నీ కలిసి రావాలి. పైగా దాత వెంటిలేటర్ మీద ఉన్నప్పుడే ఊపిరితిత్తుల్లో నీరో, ఇన్‌ఫెక్షనో చేరుతుంది కాబట్టి, కిడ్నీలు, కాలేయం పనికొచ్చిన చాలామంది దాతల్లో కూడా ఊపిరితిత్తులు పనికిరావు.

మొదటి పిలుపు అర్ధరాత్రి వచ్చింది. వెళ్లాం, రక్తం తీశారు, స్నానం చేయించారు, మా ఆయన నా చెవి కమ్మలు తీసి జేబులో వేసుకున్నారు. తెల్లవారుతుండగా కోఆర్డినేటర్ వచ్చి, బ్రాంకోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో లోపల చూసినప్పుడు, దాత ఊపిరితిత్తుల్లో చీము కనబడిందనీ, ఆపేస్తున్నామనీ చెప్పింది. ఇలా జరగొచ్చని ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకోగలిగాను. పనికిరానివి పెట్టలేదు కదా అనుకున్నాం. ఎంపిక దాత వైపు కూడా అంతే కఠినంగా జరుగుతుందని ఆ రోజు కళ్లారా చూశాను. తర్వాత వచ్చిన పిలుపు నిజమైంది.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఛాతీకి అడ్డంగా, రొమ్ముల కింద ఈ చివర నుంచి ఆ చివరకు కోత. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం, పక్కటెముకల మధ్య డ్రెయిన్లు. గొట్టం తీశాక నర్సు నా వేలి మీది అంకె చూపించింది. ఆక్సిజన్ మాస్కు లేదు, 97 ఉంది. ఆయాసం లేని ఊపిరి ఎలా ఉంటుందో ఒళ్లు మర్చిపోయి ఉంది. ఆగి ఆగి, భయం భయంగా పీల్చాను.

ఎవరూ ఊహించనిది దగ్గు. కొత్త ఊపిరితిత్తులకు నరాలు కలపరు కాబట్టి, కుట్టు కింద కఫం పేరుకున్నా దగ్గు రావాలన్న కబురే మెదడుకు అందదు. అందుకే ఫిజియోథెరపిస్టు గంట గంటకూ వచ్చి, కోత మీద దిండు అదిమిపట్టి కావాలని దగ్గించేది. ప్రాణం పోయినంత నొప్పి. ఆ నొప్పితోనే మంచం అంచున కూర్చున్నాను, కాళ్లు నేలకు ఆనించాను, లేచి నిలబడ్డాను. తొడలు వణికాయి గానీ నిలబెట్టాయి. అదే 30 మిల్లీగ్రాముల స్టెరాయిడ్‌తో, రిహాబ్ లేని కాళ్లతో వచ్చి ఉంటే ఆ నిలబడటం జరిగేది కాదని మా సర్జన్ తర్వాత మాతో అన్నారు. శ్వాసనాళం కుట్లు చక్కగా మానాయి.

అంతా సాఫీగా సాగలేదు. ఒక బయాప్సీలో రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త ఊపిరితిత్తుల మీద దాడి చేయడం, కనబడింది, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో తగ్గింది. టాక్రోలిమస్ వల్ల చేతులు వణికి కొన్నాళ్లు సంతకం కుదరలేదు. షుగర్ వచ్చింది. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ కొంచెం పైకెళ్లి అక్కడే నిలబడింది. ఇవన్నీ ఒప్పుకోలు కాగితం మీద నేను సంతకం పెట్టకముందే పల్మనాలజిస్టు చెప్పారు. ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్నవాళ్లలో సగం మంది ఆరేళ్లకు పైగా బతుకుతారనీ, గుండె, కిడ్నీ మార్పిడితో పోలిస్తే ఇది తక్కువేననీ, సుమారు సగం మందిలో ఐదేళ్లలోపే దీర్ఘకాలిక రిజెక్షన్ మొదలవుతుందనీ అంకెలతో సహా చెప్పి, ‘ఇది తెలిసి కూడా కావాలంటేనే లిస్టులో పెడతాం’ అన్నారు. మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆమె ఊపిరి ఆడక రాత్రంతా కూర్చుని ఉండటం చూస్తున్నాను డాక్టరు గారూ. అది లేని ఎన్నాళ్లయినా మాకు చాలు’ అన్నారు.

ఇప్పుడు నా రోజు స్పైరోమీటర్‌తో మొదలవుతుంది. ఊది, అంకె పుస్తకంలో రాసుకుంటాను. నా మామూలు అంకె కన్నా పది శాతం పడితే ఎదురుచూడకుండా ఫోన్ చేయాలి. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే రోజున, రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర వేసుకోవాలి. జనం కిక్కిరిసిన చోటికి మాస్కు లేకుండా వెళ్లను. దాత కుటుంబానికి, పేర్లు లేకుండా, కోఆర్డినేటర్ ద్వారా ఉత్తరం రాశాను. ఏం రాసినా సరిపోదని తెలిసీ రాశాను.

చెకప్‌కు వెళ్లినప్పుడు కోఆర్డినేటర్ అప్పుడప్పుడూ కొత్తవాళ్లను నా దగ్గర కూర్చోబెడుతుంది. మొన్న ఒకావిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నాలాంటి జబ్బే. ‘ఇప్పుడే వద్దన్నారండీ, అంటే ఇక లేనట్టేనా?’ అని అడిగింది. వాళ్లిచ్చిన కాగితం తీయమన్నాను. రెండు సీటీల సీడీలు, ఇప్పటిదాకా చేసిన పీఎఫ్‌టీలు, అంటే ఊది కొలిచే ఊపిరితిత్తుల పరీక్షల రిపోర్టులు, అన్నీ తేదీల వరసలో పెట్టుకోమన్నాను. ఎంత వేగంగా పడుతోందో చూపించేది ఆ వరసే. ఏ కారణంతో వద్దన్నారో, ఏ అంకె మారితే మళ్లీ చర్చిస్తారో అడిగి రాయించుకోమన్నాను. ఆ కేంద్రం వాళ్లు పూర్తిగా కాదన్నా ఇంకో కేంద్రం అభిప్రాయం అడిగే హక్కు ఉంటుందనీ, కేంద్రాల అనుభవాన్ని బట్టి హద్దులు కొంచెం అటూ ఇటూ ఉంటాయనీ చెప్పాను. తమ్ముడు ఫోన్‌లో అన్నీ ఎక్కించుకుంటున్నాడు. రిహాబ్ హాలు ఎటువైపో అడిగాడు. అక్కడే ఉందని చూపించాను, ఇద్దరూ అటు వెళ్లారు.